జేబులో పట్టే ఈసీజీ మెషిన్: ఎనిమిది నెలలు అమ్మ వాడాక రాస్తున్న రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా. అది గీసే గీతకి 4.5, ఆ గీత కింద యాప్ రాసే తీర్పుకి 1.5. సగటు మీరే వేసుకోండి.

కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడ్డ ఇబ్బందుల్లో చాలావరకు ఆ ఒక్క కంపెనీవి కావు. రెండు బొటనవేళ్లు ఆనించి 30 సెకన్లు పట్టుకునే ఈ రకం బిళ్లలన్నీ పనిచేసే పద్ధతి ఒకటే కాబట్టి మీరు ఏది కొన్నా ఇందులో సగం మీకూ పనికొస్తుంది. నేను కొన్నది రూ.4,000 లోపే పడింది. అగ్గిపెట్టెకి కొంచెం పెద్దది, పైన రెండు లోహపు పలకలు, లోపల బటన్ సెల్, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుస్తుంది.

ఎందుకు కొన్నానో చెప్పాలి. అమ్మకి 61. తెనాలిలో నాన్నా తనూ ఉంటారు, నేను హైదరాబాద్‌లో. ఏడాదిగా ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, "గుండె ఒక్క క్షణం ఆగిపోయి, మళ్లీ దబ్బున కొట్టుకుంటోందే" అని. రాత్రి పడుకోబోయేముందు వస్తుంది, లేదంటే మధ్యాహ్నం భోజనమయ్యాక. రెండు మూడు నిమిషాలుండి పోతుంది. ఆటో ఎక్కి, డయాగ్నస్టిక్ సెంటర్‌కి వెళ్లి, మంచం మీద పడుకుని, ఆ అమ్మాయి జెల్ పూసి చేతులకీ కాళ్లకీ క్లిప్పులు, ఛాతీ మీద బల్బులు పెట్టేసరికి గుండె బుద్ధిగా కొట్టుకుంటూ ఉంటుంది. మూడుసార్లు తీయించాం, మూడుసార్లూ నార్మల్. మామూలుగా మనకిచ్చే ఆ కాగితం మీద ఉండేది పది సెకన్ల గుండె మాత్రమే. రోజుకి 86,400 సెకన్లు, వాటిలో పది! గుంటూరులో కార్డియాలజిస్టు గారు హోల్టర్, అంటే రోజంతా ఆగకుండా గుండె గీత రాసుకునే చిన్న పెట్టె, కూడా పెట్టించారు, 24 గంటలు మెడలో వేలాడేసుకుని తిరిగింది, ఆ ఒక్క రోజూ దడ రాలేదు. అమ్మకైతే కోపం కూడా వచ్చింది, "నేనేదో నాటకాలాడుతున్నట్టుంది మీ అందరికీ" అని.

అప్పుడు డాక్టరు గారే అన్నారు, దడ వచ్చిన ఆ నిమిషంలోనే ఇంట్లో గీత తీయగలిగితే సగం పని అయిపోతుందని. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇది పట్టుకెళ్లాను.

డబ్బా తెరవగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇది షాక్ కొడుతుందా?" చాలామందికి ఈ అనుమానం ఉంటుంది కాబట్టి రాస్తున్నా. ఈసీజీ మెషిన్, చిన్నదైనా పెద్దదైనా, మన ఒంట్లోకి కరెంటు పంపదు. గుండె తనంతట తాను పుట్టించే కరెంటు చర్మం దాకా వస్తుంది, దాన్ని వింటుందంతే. ఆ కరెంటు ఎంతంటే, చర్మం దగ్గరికొచ్చేసరికి సుమారు ఒక మిల్లీవోల్టు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు 1,500 మిల్లీవోల్టులు. ఇంత సన్నటి దాన్ని పట్టుకోవాలి కాబట్టే ఈ మెషిన్లకి అన్ని షరతులు, కదలొద్దు, మాట్లాడొద్దు అని. 30 సెకన్లు మాట్లాడకుండా కూర్చోవడం మా అమ్మకి ఎంత కష్టమో నాన్నని అడగండి.

గీత ఎలా చదవాలో నాకూ తెలీదు అప్పటికి. తెలుగు మీడియంలో చదువుకున్న రోజుల్లో కర్ణికలు (గుండె పైగదులు), జఠరికలు (కింది గదులు), లయారంభకం అని బట్టీ పట్టిన గుర్తు, అంతే. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు గారు కాగితం మీద గీసి చూపించారు. కుడి కర్ణిక పైభాగంలో ఎస్ఏ నోడ్ అని ఒక చిన్న ముద్ద ఉంటుంది, మన లయారంభకం అదే. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు అది ఒక చిటిక వేస్తుంది. ఆ కరెంటు ముందు పైగదులు రెండిట్లో పాకుతుంది, గీత మీద అది చిన్న గుట్ట, పీ తరంగం. తర్వాత పైగదులకీ కింది గదులకీ మధ్య ఏవీ నోడ్ దగ్గర కాసేపు ఆగుతుంది. రైల్వే గేటు దగ్గర బండి ఆపినట్టు. గేటు దగ్గర ఆలస్యమైతే మనకి చిరాకుగానీ గుండెకి ఆ ఆలస్యమే కావాలి, పైగదులు నొక్కుకుని రక్తాన్ని కిందికి పంపేదాకా కింది గదులు ఆగాలి కదా. గేటు ఎత్తాక కరెంటు వేగంగా నడిచే దారులగుండా జఠరికల్లోకి దూసుకుపోతుంది, అది నిటారు కొండ, క్యూఆర్ఎస్. ఆ తర్వాత కింది గదులు తర్వాతి దెబ్బకి మళ్లీ సిద్ధమవుతాయి, అది టీ, వెడల్పుగా ఉండే దిబ్బ. మరి పైగదులు కూడా మళ్లీ సిద్ధం కావాలి కదా, దాని గుర్తేది అని అడిగాను. అది కొండ కింద కప్పబడిపోతుందట, కనపడదు.

అమ్మ కూడా పక్కనే కూర్చుని విన్నది. గుట్ట, కొండ, దిబ్బ. ఆ మూడు మాటలే మా ఇంట్లో స్థిరపడిపోయాయి.

గళ్ల లెక్క కూడా తెలుసుకుంటే యాప్ మీద ఆధారపడక్కర్లేదు. మామూలుగా కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్ల చొప్పున నడుస్తుంది, ఒక చిన్న గడి 0.04 సెకను, ఐదు చిన్న గళ్లు కలిపితే పెద్ద గడి, 0.2 సెకను. ఎత్తులో పది చిన్న గళ్లు ఒక మిల్లీవోల్టు. గుట్ట మొదలు నుంచి కొండ మొదలు దాకా మూడు నుంచి ఐదు చిన్న గళ్లుండాలి, అదే గేటు దగ్గర ఆగిన సమయం. కొండ మొత్తం వెడల్పు మూడు చిన్న గళ్ల లోపే ఉండాలి. గుండె వేగం కావాలంటే ఇంకా తేలిక, ఈ పరికరం ఎలాగూ 30 సెకన్లే రాస్తుంది కాబట్టి కొండలన్నీ లెక్కపెట్టి రెండుతో గుణించండి. నా పీడీఎఫ్‌లో గళ్లు సరైన కొలతకే వచ్చాయి, నాలుగైదు గీతల మీద లెక్కవేసి చూశాను, యాప్ చెప్పిన వేగానికీ నా లెక్కకీ ఒకటి రెండు తేడా తప్ప లేదు.

ఇక వాడకం. మొదటి వారం విసుగొచ్చింది. పది తీస్తే నాలుగు పనికిరాలేదు. సంక్రాంతి చలికి పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, పైగా అమ్మ వేళ్లు పొడిబారి ఉంటాయి, గీత నిండా గడ్డి మొలిచినట్టు వచ్చేది. బొటనవేళ్లు కాస్త తడి చేసుకుని తుడిచి పెడితే చాలా మారింది. మోచేతులు బల్ల మీద ఆనించాలి, గాల్లో పట్టుకుంటే కండరాల వణుకు కూడా గీతలో పడుతుంది, కండరాలదీ కరెంటే మరి. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి తీయకండి. మన ఇళ్లలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊపంతా సన్నటి రంపపు పళ్లలాగా గీత మీద కనపడుతుంది. ఇవన్నీ నేను తంటాలు పడి తెలుసుకున్నవే, డబ్బాలో ఇచ్చిన కాగితంలో బొటనవేళ్ల బొమ్మ ఒకటే ఉంది.

ఒకరోజు అమ్మ గీత పంపితే గుండె ఆగినంత పనైంది. గుట్ట, కొండ, దిబ్బ మూడూ తలకిందులు! అరగంట నేను ఆఫీసులో కుర్చీలో నిలవలేదు. తీరా చూస్తే పరికరం తిరగేసి పట్టుకుంది, కుడి బొటనవేలు పెట్టాల్సిన చోట ఎడమది పెట్టింది. డాక్టరు గారికి చెబితే నవ్వారు, పెద్ద మెషిన్ దగ్గర కూడా రెండు చేతుల క్లిప్పులు తారుమారైతే మొదటి లీడ్ ఇలాగే తిరగబడుతుందట, తొందరలో టెక్నీషియన్లు అప్పుడప్పుడు చేస్తుంటారట. దాని మీద ఎల్, ఆర్ అని పెద్దగా అచ్చు వేస్తే సరిపోయేది, చిన్న చుక్క ఒకటి పెట్టి వదిలేశారు. నేను నెయిల్ పాలిష్‌తో ఎడమ వైపు గుర్తు పెట్టాను.

మొదటి లీడ్ అన్నాను కదా. కుడి చేతికీ ఎడమ చేతికీ మధ్య కరెంటు తేడాని గీసేదే మొదటి లీడ్, ఈ బుల్లి పరికరానికి ఉన్నది అదొక్కటే. దీని పుట్టుక చదివితే భలే అనిపించింది. నెదర్లాండ్స్‌లో లైడెన్ ఊళ్లో ఐంథోవెన్ అనే ఆయన 1900ల మొదట్లో తయారుచేసిన యంత్రం బరువు సుమారు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు కావాలి, రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల తొట్లలో ముంచి కూర్చోవాలి. పీ, క్యూ, ఆర్, ఎస్, టీ పేర్లు పెట్టింది ఆయనే, 1924 నోబెల్ బహుమతి ఆయనకే. యంత్రాన్ని ఆసుపత్రికి మోసుకెళ్లడం కుదరక, కిలోమీటరున్నర దూరంలో ఆసుపత్రిలో ఉన్న రోగి గుండె కరెంటుని టెలిఫోన్ తీగల మీద తన ల్యాబ్‌కి రప్పించుకున్నాడు కూడా. తెనాలి నుంచి అమ్మ వాట్సాప్‌లో పంపే పీడీఎఫ్‌కి ముత్తాత అన్నమాట. తొట్లు పోయి పలకలొచ్చాయి, లీడ్ మాత్రం అదే.

సరే, అసలు విషయం. ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండింటికి అమ్మకి దడ వచ్చింది, వెంటనే తీసింది. యాప్ ఎర్ర అక్షరాల్లో రాసింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయ్యుండవచ్చు, వైద్యుణ్ని సంప్రదించండి అని. ఇంగ్లీషులోనే, ఈ యాప్‌లో తెలుగు లేదు. నాన్న దాన్ని కూడబలుక్కుని చదివి నాకు ఫోన్ చేసేసరికి ఆయన గొంతే మారిపోయింది. ఏఎఫ్ అంటే పైగదుల్లో కరెంటు ఒక్క చోట నుంచి రాకుండా ఎక్కడపడితే అక్కడ చెలరేగి పైగదులు వణుకుతూ ఉంటాయి, గుట్టలు మాయమైపోతాయి, కొండల మధ్య దూరం ఒక లెక్కాపత్రం లేకుండా ఉంటుంది. సరిగా నొక్కుకోని పైగదిలో రక్తం గడ్డకట్టి మెదడుకి వెళ్తే పక్షవాతం. చిన్న విషయం కాదు, అందుకే ఆ రాత్రి ఎవరమూ నిద్రపోలేదు. పొద్దున డాక్టరు గారు గీత చూసి, "ఏఎఫ్ కాదమ్మా, గుట్టలు కనపడుతూనే ఉన్నాయి, చెయ్యి వణికి సగం మసకబారాయి అంతే" అన్నారు. టెన్షన్‌తో వణికిన చేతిని మెషిన్ జబ్బు అనుకుంది.

మార్చిలో మళ్లీ వచ్చింది. ఈసారి అమ్మ బాగా పట్టుకుంది, శుభ్రమైన గీత. యాప్ తీర్పు మాత్రం, వర్గీకరించలేకపోతున్నాం అని. అంతే, ఇంకో ముక్క లేదు. నేనైతే ఆ గీత తీసేసేదాన్నే, మళ్లీ తియ్యి అని చెప్పేదాన్నే. కానీ ఏడాదిగా వెతుకుతున్నది ఉన్నది సరిగ్గా అందులోనే. డాక్టరు గారు చూడగానే వేలుపెట్టి చూపించారు, వరసగా వస్తున్న కొండల మధ్య ఒకటి ముందుగా వచ్చేసింది, దాని ముందు గుట్ట లేదు, వెడల్పు మూడు గళ్లు దాటిపోయింది, దాని తర్వాత పెద్ద ఖాళీ. కింది గదిలో ఏదో ఒక చోటు తొందరపడి తనే చిటిక వేసేసింది. వేగంగా నడిచే దారిలో కాకుండా కండరంలో మెల్లగా పాకుతుంది కాబట్టి కొండ వెడల్పవుతుంది. ఆ ఖాళీనే అమ్మకి గుండె ఆగినట్టు అనిపించేది. ఖాళీలో గదికి రక్తం ఎక్కువ నిండుతుంది కాబట్టి తర్వాతి దెబ్బ గట్టిగా పడుతుంది, దబ్బున కొట్టుకోవడం అదే. ఏడాది పాటు అమ్మ చెప్పిన మాట చెప్పినట్టే గీతలో ఉంది! ఎకో (గుండె స్కాన్) చేశారు, థైరాయిడ్ చూశారు, రెండూ బాగున్నాయి. గుండె మిగతాదంతా బాగుండి ఇలా అప్పుడప్పుడూ వచ్చేవి చాలామందికి ఉంటాయట, ఎక్కువైతేనో కళ్లు తిరిగితేనో వెంటనే రమ్మన్నారు. రోజుకి ఐదు టీలు రెండుకి తగ్గించమన్నారు. అమ్మకి ఆ చివరి మాట ఒక్కటే జబ్బులా అనిపించింది.

అందుకే అంటున్నా, ఇది కొంటే గీత కోసం కొనండి, తీర్పు కోసం కాదు. ఆ గీత చూసే డాక్టరు మీకు అందుబాటులో లేకపోతే అసలు కొనకండి.

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే మే నెలలో జరిగింది వినండి. అప్పటికి మా వీధిలో అందరికీ ఈ మెషిన్ సంగతి తెలుసు, సాయంత్రమైతే ఒకరిద్దరు వచ్చి వేళ్లు పెట్టి పోయేవాళ్లు. ఎదురింటి బాబాయి గారు ఒకరోజు పొద్దున్నే ఛాతీలో బరువుగా ఉంది, దవడ లాగుతోంది అని వచ్చారు, ఒళ్లంతా చెమటలు. ఎండాకాలం కదా, చెమటని ఎవరూ పట్టించుకోలేదు. వేళ్లు పెట్టించారు. నార్మల్ అని వచ్చింది, ఆకుపచ్చ టిక్కుతో. "చూశారా, గ్యాసే" అని ఆయన లేచి ఇంటికెళ్లబోయారు. అదృష్టం బాగుండి నాన్న నాకు ఫోన్ చేశారు. నేను గీత చూడను కూడా లేదు, లక్షణాలు విని 108కి చేయమన్నాను. ఆసుపత్రిలో పెద్ద ఈసీజీ తీస్తే గుండెని కింది వైపు నుంచి చూసే రెండు, మూడు, ఏవీఎఫ్ అనే లీడ్లలో కొండకీ దిబ్బకీ మధ్య ఉండే చదును భాగం పైకి లేచి ఉంది. గుండె అడుగు గోడకి రక్తం ఆగిపోయింది. స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు, పొద్దున్న పాలప్యాకెట్లకి నడిచే వెళ్తున్నారు.

మరి మన మెషిన్ అబద్ధం చెప్పిందా అంటే, చెప్పలేదు. లయ సరిగా ఉందా, వేగం ఎంత, అంతవరకే దానికి తెలుసు, ఆ రెండూ ఆయనకి బాగానే ఉన్నాయి. గుండెపోటు గుర్తించాలంటే గుండెని చుట్టూ తిరిగి చూడాలి. ఆసుపత్రిలో ఒంటికి పది తీగలు తగిలించి పన్నెండు వైపుల నుంచి చూస్తారు. ఇది చూసేది ఎడమ చేతి వైపు నుంచి ఒక్క చూపు. తిరునాళ్లలో రథాన్ని ఒక్క సందులోంచి చూసినట్టు, కదులుతోందో లేదో తెలుస్తుంది, అవతలి చక్రం ఇరుసు విరిగితే మనకేం కనపడుతుంది? అంతెందుకు, గుండెపోటు మొదట్లో పెద్ద ఈసీజీ కూడా ఒక్కోసారి నార్మల్‌గా రావచ్చు, అందుకే ఆసుపత్రిలో కాసేపాగి మళ్లీ తీస్తారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ ఉందేమో చూస్తారు.

గుండెపోటును ఇది గుర్తించదు అని కంపెనీ రాసింది, అబద్ధమాడను. ఎక్కడ రాసిందంటే సెట్టింగుల్లోకెళ్లి, అబౌట్ అనే చోట నొక్కి, కిందికి జరిపితే వచ్చే చిన్నక్షరాల్లో. ఆకుపచ్చ టిక్కు మాత్రం తెర నిండా. ఈ ఒక్క కారణానికే మార్కులు కోశాను. ఆ వాక్యాన్ని నేను తెలుగులో పెద్దగా రాసి డబ్బా మూతకి అంటించాను, ఛాతీ బరువు, ఆయాసం, చెమటలు, దవడ లేదా చెయ్యి లాగడం ఉంటే వేలు పెట్టొద్దు, 108కి ఫోన్ చేయండి అని. వీధివాళ్లకి చూపించడం ఆపేశాం.

వాచీల గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆపిల్ 2018లో సిరీస్ 4తో తెచ్చింది కూడా ఈ మొదటి లీడే, మణికట్టుకి ఆనే వాచీ అడుగున ఒక పలక, రెండో చేతి వేలు పెట్టే చక్రం ఇంకో పలక. ఇక్కడ ఒక చిట్కా. రెండో చెయ్యి తగిలించకుండానే ఈసీజీ వస్తుందని ఏ వాచీ అమ్మేవాడైనా చెబితే నమ్మకండి. గుండెకి అటూ ఇటూ రెండు చోట్ల తాకితేనే ఈ గీత వస్తుంది. వాచీ అడుగున వెలిగే ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం పొంగడాన్ని చూసి నాడి లెక్కపెడుతుంది, అది వేరే పని. దాన్ని ఈసీజీ గీతలా బొమ్మ గీసి చూపించే చవక బ్యాండ్లు మా ఆఫీసులోనే రెండు చూశాను.

మిగతావి గబగబా చెప్పేస్తా. బ్లూటూత్ మధ్యలో తెగిపోతోందని ఫిర్యాదు చేస్తే 11 రోజులకి కొత్తది పంపారు, పర్వాలేదు. సెల్ ఆరు నెలలు వచ్చింది. యాప్ లొకేషన్ అనుమతి అడుగుతుంది, గుండె గీతకి నేనెక్కడున్నానో ఎందుకో అర్థం కాలేదు, ఇవ్వలేదు, అయినా పనిచేస్తోంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడొద్దని మాన్యువల్‌లో ఉంది. 65 దాటినవాళ్లు, ఏఎఫ్ వచ్చిపోతోందని డాక్టరు అనుమానపడుతున్నవాళ్లు, మా అమ్మలా ఆసుపత్రికి చేరేలోపే దడ తగ్గిపోయేవాళ్లు, వీళ్లకి పెట్టిన డబ్బుకి విలువ ఉంది. ఊరికే రోజూ పొద్దున్నే చూసుకుందామని కొనేవాళ్లకి మాత్రం కొత్త దడ పుడుతుంది, మా నాన్నే సాక్షి, ఏ జబ్బూ లేని మనిషి ఏప్రిల్ నెలంతా రోజుకి ఆరుసార్లు తీసుకున్నారు.

అమ్మకి ఆ తొందర దెబ్బలు ఇప్పటికీ వస్తున్నాయి, కానీ భయం పోయింది. వచ్చినప్పుడు గీత తీసి "గుట్ట లేని కొండ ఒకటి, మిగతావన్నీ సరే" అని రాసి పంపుతుంది. మొన్న మాత్రం ఇంకో మెసేజ్ వచ్చింది, "మార్చి నాటి గీత చూద్దామంటే తాళం బొమ్మ వస్తోంది, నెలకి డబ్బులు కట్టమంటోంది, కట్టనా?" 30 రోజులు దాటిన పాత గీతలు చూడాలంటే చందా కట్టాలట, కొనేటప్పుడు ఎక్కడా చెప్పలేదు. కట్టొద్దన్నాను. మొదటి రోజు నుంచీ తీసిన ప్రతి గీతా పీడీఎఫ్‌గా మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో తేదీ వేసి పెట్టించాను, కొన్నవాళ్లు మీరూ ఆ అలవాటు చేసుకోండి.